సభ మూడింటికి, నాయకుడు ఆరింటికి: తిరుపతి బహిరంగ సభల్లో వరుసలో నిలబడటం ఎలా?

తిరుపతివాళ్ళకు వరుసలో నిలబడటం ఒకరు నేర్పాలా అని మీరు నవ్వవచ్చు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో గంటల తరబడి కూర్చుని, అక్కడే పాలు తాగి, అక్కడే ఒక కునుకు తీసి, తలుపు తీసిన చప్పుడుకు లేచి పరుగెత్తినవాళ్ళం. చిక్కంతా ఆ పరుగుతోనే. కొండమీద ఎంత ఆలస్యమైనా చివర స్వామి ఎక్కడికీ పోడు. సభలో అటువంటి హామీ లేదు. పైగా అక్కడ వరుస అనేది మెటల్ డిటెక్టర్ ద్వారం దాకానే ఉంటుంది. ద్వారం దాటాక అది గుంపు. గుంపులో ముందుకు పోవడం సులువు, వెనక్కి రావడం కష్టం. ఈ ఒక్క విషయం దృష్టిలో పెట్టుకుని మిగతా ఏర్పాట్లన్నీ చేసుకోవాలి.

నేను ఏ పార్టీ కండువా వేసుకోను. కానీ ఊళ్ళో ఎవరి సభ జరిగినా వెళ్తాను. మా ఇంట్లో దీన్ని జబ్బు అంటారు. తిరుపతిలో ఉంటూ ఈ జబ్బు అంటకుండా ఉండటం కష్టమే. 1983లో ఎన్.టి. రామారావును, 2009లో చిరంజీవిని శాసనసభకు పంపిన ఊరు ఇది. చిరంజీవి 2008 ఆగస్టు 26న ప్రజారాజ్యం పార్టీని ప్రకటించింది ఇక్కడి అవిలాల దగ్గరే. 2014 ఏప్రిల్ 30న నరేంద్ర మోదీ, చంద్రబాబు నాయుడు, పవన్ కల్యాణ్ ఒకే వేదిక మీద నిలబడింది విశ్వవిద్యాలయం పక్కనున్న తారకరామ మైదానంలో. కొండకు వచ్చిన నాయకులు కింద ఒక సభ పెట్టుకుని పోవడం ఇక్కడ మామూలు. కాబట్టి ఈ వరుస మీకు ఎప్పుడో ఒకప్పుడు తప్పదు.

ముందు తేల్చుకోండి: చూడటానికా, వినటానికా?

ఇంటి నుంచి బయలుదేరే ముందే ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోండి. తర్వాత చేసేవన్నీ దీన్ని బట్టే మారతాయి.

ముఖం చూడాలన్నదే కోరిక అయితే మైదానానికి వెళ్ళనక్కరలేదు. ఎక్కువ మంది నాయకులు రేణిగుంట విమానాశ్రయంలో దిగి రోడ్డు మార్గాన వస్తారు. ఆ దారిలో వెడల్పైన చోట, మీ వెనక ఖాళీ స్థలం ఉండే చోట, అరగంట ముందు నిలబడితే చాలు. కారు అద్దంలోంచి చెయ్యి ఊపడం కనిపిస్తుంది. మైదానంలో నాలుగు గంటలు నిలబడినవాడికి కనిపించేది అగ్గిపుల్లంత మనిషి, దాని పక్కన పెద్ద తెర. ఆ తెరలో కనిపించేది ఇంట్లో టీవీలోనూ కనిపిస్తుంది.

వినటానికి అయితే మైదానానికి వెళ్ళండి. వేదిక దగ్గరకు పోవాలన్న ఆశ మాత్రం వదులుకోండి. వేదికకు ముందు కొంత స్థలాన్ని భద్రత కోసం ఖాళీగా ఉంచుతారు. దాని వెనక ప్రముఖులు, విలేకరులు, పాసులున్నవాళ్ళు కూర్చుంటారు. మామూలు జనం మొదలయ్యేది ఆ తర్వాతే. మీరు తెల్లవారుజామునే వచ్చి నిలబడినా ఆ దూరం తగ్గదు. మాట బాగా వినిపించేది మైదానం మధ్యకు కాస్త వెనకగా, ఒక స్పీకర్ల స్తంభానికి ఇరవై అడుగుల దూరంలో. స్తంభం కిందనే నిలబడితే చెవులు మోగుతాయి, మాటలు అర్థం కావు.

ముందు రోజు సాయంత్రం

ట్రాఫిక్ మళ్ళింపు ప్రకటన సభకు ముందు రోజే పోలీసులు ఇస్తారు. స్థానిక దినపత్రికల జిల్లా పేజీల్లో వస్తుంది. మూసేసే రోడ్లు, పార్కింగు స్థలాలు, ప్రజలను లోపలికి పంపే ద్వారాలు అందులో ఉంటాయి. చాలామంది నాయకుడి ఫొటో చూసి పేజీ తిప్పేస్తారు. మీరు ద్వారాల వివరం ఒక కాగితం మీద రాసుకోండి. సభ దగ్గర లక్షమంది చేతుల్లో ఫోన్లుంటే ఎవరి ఫోనూ పలకదు. కాగితం పలుకుతుంది.

బస్సుల సంగతి కూడా అప్పుడే కనుక్కోవాలి. పెద్ద సభ ఉన్న రోజు పల్లెలకు తిరిగే బస్సులు జనాన్ని తెచ్చే పనికి అద్దెకు వెళ్ళిపోతాయి. పుత్తూరు నుంచో పాకాల నుంచో సొంతంగా వచ్చేవాళ్ళు మామూలు వేళకు బస్సు దొరుకుతుందని నమ్ముకోవద్దు. రైలు దారి ఉంటే రైలే మేలు. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో టికెట్టు లేదు కాబట్టి ఆధార్ కార్డు మరవకండి. అయితే బస్సు ఉచితమైనంత మాత్రాన ఆ రోజు బస్సు ఉంటుందని కాదు.

ఎవరెవరు వెళ్ళాలో కూడా ముందు రోజే తేలాలి. పదేళ్ళలోపు పిల్లలను, గర్భిణులను, గుండె జబ్బు ఉన్నవాళ్ళను తీసుకెళ్ళకండి. "ఆయన్ను ఒక్కసారి చూడాలని బిడ్డ ఏడుస్తోంది" అంటారు కొందరు. ఏడవనివ్వండి. గుంపులో పెద్దవాళ్ళ నడుము ఎత్తున ఉండే పిల్లలకు గాలి అందదు. మీ భుజం మీద ఎక్కించుకుంటే ఆ బరువుతో మీ కాళ్ళు అదుపులో ఉండవు.

సంచిలో ఏముండాలి

ప్రధానమంత్రి స్థాయి భద్రత ఉంటే సంచే వద్దు. నీళ్ళ సీసా, అగ్గిపెట్టె, లైటరు, హెల్మెట్టు, పొడవైన జెండా కర్ర, ఇనుప టిఫిను డబ్బా, ఇవన్నీ ద్వారం దగ్గర ఆపేసే వస్తువులు. నల్ల చొక్కాలు, నల్ల గొడుగులు చూసి వెనక్కి పంపిన సభలూ ఉన్నాయి. నిరసన తెలపడానికి వచ్చారేమోనని వాళ్ళ అనుమానం. తెల్లదో, లేత రంగుదో నూలు చొక్కా వేసుకుంటే ఈ తంటా ఉండదు, ఎండకూ మంచిది. ఆపేసిన వస్తువులను అక్కడే ఒక కుప్పగా పోస్తారు. సాయంత్రం ఆ కుప్పలో మీ హెల్మెట్టు వెతుక్కోవడం దాదాపు అసాధ్యం. బండి నిలిపిన చోటే తాళం వేసి పెట్టండి.

జేబులో ఉండవలసినవి కొన్నే. గుర్తింపు కార్డు, చిల్లర డబ్బు, ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, తువ్వాలు, రోజూ వేసుకునే మందులుంటే వాటితో పాటు వైద్యుడి చీటీ. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళు నాలుగు బెల్లం ముక్కలు. తినడానికి బొరుగులు, వేయించిన వేరుశనగ గింజలు కాగితం పొట్లంలో. పులిహోర తెచ్చుకుంటే అరిటాకులో కట్టుకోండి, డబ్బాలో వద్దు. పెరుగన్నం ఏప్రిల్ ఎండలో మూడు గంటలకే పులిసిపోతుంది.

కాళ్ళకు బూట్లు, లేదా వెనక పట్టీ ఉన్న చెప్పులు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ సభ ముగిశాక ఏ మైదానంలోనైనా ఒకసారి నేల వైపు చూడండి. వందల కొద్దీ ఒంటరి హవాయి చెప్పులు. వాటిలో చాలా వరకు నెట్టుడులో ఊడినవే. ఊడిన చెప్పు కోసం వంగడమే పడిపోవడానికి మొదటి మెట్టు.

వరుసలో

సభ మూడింటికి అని కరపత్రంలో ఉంటే పన్నెండింటికి జనం నిండటం మొదలవుతుంది. మీరు ఒంటి గంటన్నర ప్రాంతంలో చేరండి. అంతకు ముందు వెళ్తే ఎండ తప్ప ఏమీ దక్కదు. మరీ ఆలస్యమైతే ద్వారం దగ్గర తొక్కిడి ఎక్కువ.

వరుసలో చేరే ముందు మరుగుదొడ్డికి వెళ్ళి రండి. తిరుపతిలో అయితే బస్టాండులోనో రైల్వే స్టేషనులోనో ఆ పని చూసుకోవచ్చు. మైదానంలో పెట్టే తాత్కాలిక మరుగుదొడ్లు ఓ మూలకు, గుంపుకు అవతల ఉంటాయి. మూడు గంటల తర్వాత వాటి దగ్గరకు వెళ్ళలేం. ఈ భయంతో ఆడవాళ్ళు చాలామంది ఉదయం నుంచి నీళ్ళు మానేస్తారు. మా పక్కింటి అవ్వ అలాగే చేసి ఒక సభలో కళ్ళు తిరిగి పడిపోయింది. రాత్రంతా సెలైను ఎక్కించవలసి వచ్చింది. తర్వాత ఆమె నాతో, "నాయనా, ఆయన వచ్చినాడా చివరికి?" అని అడిగింది. వచ్చి వెళ్ళిపోయాడని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. నీళ్ళు మానకండి. దానికి బదులు మరుగుదొడ్డి దగ్గరగా ఉండే అంచులో నిలబడండి. ముందు వరుస పోతే పోయింది.

వరుసలో మీకు ముందున్న వ్యక్తికి, మీకు మధ్య చాచిన చెయ్యి అంత దూరం ఉంచండి. వెనకవాళ్ళు "జరగండి, జరగండి" అంటారు. ఆ మాటలు విని ముందు మనిషికి అతుక్కుపోతే ద్వారం మీ కోసం వేగంగా తెరుచుకోదు. తనిఖీ చేసే కానిస్టేబులు ఒక్కొక్కరినే పంపుతాడు. మీరు నెట్టినా అంతే, నెట్టకపోయినా అంతే.

పాసుల విషయం ఒక మాట. వేదిక దగ్గర కూర్చోబెడతానని పాసు అమ్మేవాడు ప్రతి సభకూ ఉంటాడు. రాజకీయ సభ పాసుకు డబ్బు తీసుకున్నాడంటే అది బోగస్ అని అర్థం చేసుకోండి. నేను ఒకసారి మూడు వందలు ఇచ్చి రంగుల కాగితం కొన్నాను. ద్వారం దగ్గర కానిస్టేబులు దాన్ని చూసి, "ఇది పోయిన ఎన్నికలదయ్యా" అన్నాడు.

ద్వారం దాటిన తర్వాత మొదటి పని

వేదిక వైపు నడవకండి. ఆగి, వెనక్కి తిరిగి చూడండి. మీరు వచ్చిన ద్వారం కాకుండా బయటకు పోయే దారులు ఇంకెన్ని ఉన్నాయి? గోడ ఎక్కడ ఉంది, కాలువ ఎక్కడ ఉంది, బారికేడ్లు ఎక్కడ మూలలా కలుస్తున్నాయి? ఆ మూలలే ప్రమాదం. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఇరుకు కూడలి దగ్గర జరిగిన సభలో తొక్కిసలాట జరిగి, జనం పక్కనున్న కాలువలో పడ్డారు. ఎనిమిది మంది చనిపోయారు. అక్కడ నాయకుడు బాగా కనిపిస్తాడనే ఎవరైనా నిలబడి ఉంటారు.

నిలబడే చోటు ఇలా ఎంచుకోండి: ఒక పక్క మరీ దట్టంగా లేని జనం, మరో పక్క బయటకు పోయే బాట. వీపు వెనక ఇనుప కంచె ఉండకూడదు. టవరు, ప్రకటనల చట్రం, చెట్టు, వీటి కింద వద్దు. అభిమానులు వాటి మీదకు ఎక్కుతారు, అవి విరిగితే కింద ఉన్నవాళ్ళ మీదే పడతాయి.

తోడు వచ్చినవాళ్ళతో ఇక్కడే మాట అనుకోండి. విడిపోతే ఫోను చేయడం కాదు, ఫలానా చోట కలుసుకోవడం. తారకరామ మైదానంలో సభ అయితే మైదానం బయట, బాలాజీ కాలనీ వైపు ఒక టీ కొట్టో బ్యాంకో ముందే చూసి పెట్టుకోండి. "గేటు దగ్గర" అనుకుంటే మరో పాతిక వేల మంది కూడా అదే అనుకుని ఉంటారు.

ఎప్పుడు వస్తారో కనిపెట్టడం

మైకులో "ఇంకో పది నిమిషాల్లో మన నాయకుడు" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. అది గంటకోసారి వస్తుంది, ఎవరూ వెళ్ళిపోకుండా. నాయకుడి కార్యక్రమంలో సభకు ముందు తిరుమల దర్శనం ఉందేమో చూడండి. ఉంటే మాత్రం కరపత్రంలోని వేళకు కనీసం రెండు గంటలు కలపండి. దర్శనం, ప్రసాదం, మీడియాతో నాలుగు మాటలు, ఆపైన ఘాట్ రోడ్డు దిగడానికే ముప్పావు గంట.

నమ్మదగిన గుర్తులు వేరే ఉన్నాయి. ఆటపాటల బృందం పక్కకు తప్పుకుంటుంది. అంతదాకా అరగంట మాట్లాడిన స్థానిక నాయకులకు రెండేసి నిమిషాలే ఇస్తారు. పోలీసు కుక్క వేదిక మీద మరోసారి తిరుగుతుంది. వేదిక మీది కుర్చీలు ఎవరో లెక్కపెడతారు, రెండు తీసేస్తారు, ఒకాయన ముఖం మాడ్చుకుని మెట్లు దిగుతాడు. కెమెరావాళ్ళు కూర్చున్నవాళ్ళు కాస్తా లేచి నిలబడతారు. ఇవి వరసగా జరిగితే ఇరవై నిమిషాలే.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. 2022 సెప్టెంబరు 30న రాజస్థాన్‌లోని అబూ రోడ్డుకు ప్రధాని మోదీ పది దాటాక చేరుకుని, మైకు వాడకుండానే జనానికి నమస్కరించి వెళ్ళిపోయారు. తొమ్మిదింటికి కూడా కాన్వాయ్ జాడ లేకపోతే ప్రసంగం మీద ఆశ పెట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మీ గడువు మీరు పెట్టుకోవడం. "ఆరున్నరకు రాకపోతే వెళ్ళిపోతాను" అని ముందే అనుకోండి, తోడున్నవాళ్ళకు చెప్పండి. ఇంతసేపు నిలబడ్డాం కదా, ఇంకాసేపు చూద్దాం అన్న ఆలోచన అందరికీ వస్తుంది. 2025 సెప్టెంబరు 27న తమిళనాడులోని కరూరులో నటుడు విజయ్ కోసం జనం మధ్యాహ్నం నుంచి వేచి ఉన్నారు. ఆయన వచ్చేసరికి రాత్రి ఏడు దాటింది. అప్పటికే ఎండకు, దాహానికి అలసిన జనంలో తొక్కిసలాట జరిగి నలభై ఒక్క మంది చనిపోయారు. ఆలస్యం కొద్దీ గుంపు పెరుగుతుంది, మనుషుల్లో ఓపిక, బలం తగ్గుతాయి. ఆ రెండూ కలిసే గంటలో మీరు అక్కడ లేకపోతే మంచిది.

ఒత్తిడి పెరిగితే

గుంపు ఎంత దట్టంగా ఉందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష. మీ చేతులు పైకెత్తి ముఖం తుడుచుకోగలరా? చదరపు మీటరుకు నలుగురు ఉన్నంత వరకు అది సాధ్యమే, కదలడమూ సాధ్యమే. ఆరుగురు దాటితే కదలిక మీ చేతిలో ఉండదు. గుంపు నీళ్ళలా ఊగుతుంది, మీ ప్రమేయం లేకుండా అటూ ఇటూ కొట్టుకుపోతారు. ముఖం తుడుచుకోవడం కష్టమైన క్షణమే బయలుదేరాల్సిన క్షణం. ఆయాసం వచ్చేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

ఎలా బయటపడాలి? ఎదురు నెట్టకండి, బలం వృథా. ఊపు ముందుకు వచ్చినప్పుడు దానితోపాటు పోయి, అది తగ్గిన క్షణంలో రెండు అడుగులు పక్కకు, ఏటవాలుగా వేయండి. మళ్ళీ ఊపు, మళ్ళీ రెండు అడుగులు. అంచు చేరేదాకా ఇదే. రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి ఆ కాస్త చోటు కావాలి. తొక్కిసలాటల్లో చాలామంది కాళ్ళ కింద నలిగి కాదు, నిలబడే ఊపిరాడక చనిపోతారు. అరవకండి, ఊపిరి దాచుకోండి. ఫోను పడిపోతే పోనివ్వండి. మీరే పడిపోతే ఎడమ పక్కకు ముడుచుకుని, చేతులతో తల కప్పుకుని, మొదటి అవకాశానికే లేవండి. పక్కవాళ్ళు పడితే ఇద్దరు ముగ్గురు కలిసి చుట్టూ చేతులు పట్టుకుని కాస్త చోటు చేసి లేపండి.

రెండు సందర్భాల్లో నెట్టుడు తప్పకుండా వస్తుంది. ఒకటి, హెలికాప్టరు చప్పుడో కాన్వాయ్ సైరనో వినిపించినప్పుడు. రెండోది, ఏదైనా గేటు తెరుచుకున్నప్పుడు. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలోని బైరాగిపట్టెడ దగ్గర వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వేచి ఉన్నవాళ్ళ విషయంలో జరిగింది ఇదే. అస్వస్థతకు గురైన ఒకరిని బయటకు తీసుకురావడానికి గేటు తీస్తే, టోకెన్లు మొదలయ్యాయనుకుని జనం ఒక్కసారిగా కదిలారని వార్తల్లో వచ్చింది. ఆ రాత్రి ఆరుగురు పోయారు. గేటు తెరుచుకుంటే అది మీ కోసమే అనుకోవడం వరుసల్లో పెరిగిన మనకు ఒంటబట్టిన అలవాటు. సభలో గేటు కదలగానే ఒక అడుగు వెనక్కి వేయండి. ఎందుకు తెరిచారో తెలిశాక ముందుకు పోవచ్చు.

ఎండ, వాన

ఎన్నికల సభలు ఎక్కువగా ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. 2024లో ఇక్కడ పోలింగు మే 13న జరిగింది. ఆ రోజుల్లో తిరుపతిలో నలభై డిగ్రీలు వింత కాదు. మైదానంలో పంచే మజ్జిగ పొట్లాలు మంచివే, కానీ అవి మీ దాకా వస్తాయన్న నమ్మకం లేదు. లీటరు నీళ్ళకు ఒక ఓఆర్ఎస్ పొట్లం. అది లేకపోతే లీటరుకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలుపుకుని ఇంట్లోనే తాగి బయలుదేరండి. పక్కవాళ్ళు తడబడుతూ మాట్లాడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా, పొంతన లేని జవాబులు ఇస్తున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, తడి తువ్వాలుతో ఒళ్ళంతా తుడుస్తూ 108కి ఫోను చేయమని దగ్గర్లోని కానిస్టేబులుకు చెప్పండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులు రెండూ అలిపిరి రోడ్డులోనే ఉన్నాయి.

అక్టోబరు, నవంబరు సభలకు గొడుగు కాదు, ప్లాస్టిక్ వానకోటు. గుంపులో గొడుగు పుల్ల పక్కవారి కంటికి గురిపెట్టినట్టే ఉంటుంది.

తిరుగు దారి

ప్రసంగం చివరికి వచ్చిందని తెలుస్తూనే ఉంటుంది. "చివరగా" అన్నాక ఇంకో పావుగంట మాట్లాడతారు, నినాదాలు చేయిస్తారు. మీకు రెండే దారులు. ఆ "చివరగా" వినగానే నెమ్మదిగా బాట పట్టడం, లేదా అంతా అయ్యాక అరగంట కదలకుండా కూర్చోవడం. మధ్యలో ఉన్న ఆ ఇరవై నిమిషాలే చెడ్డవి. లోపలికి రావడానికి నాలుగు గంటలు తీసుకున్న జనం ఒక్కసారే బయటకు పోవాలనుకుంటారు. నేను కూర్చునే రకం. మిగిలిన బొరుగులు అప్పుడే తింటాను. సభ ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు వినిపించేదీ అప్పుడే, పక్కన కూర్చున్న రైతుల నోట.

చిత్తూరులో సభ అయితే ఈ లెక్క మార్చుకోండి. పట్టణం రోడ్లు ఇరుకు, తిరుపతికి డెబ్బై కిలోమీటర్ల దారి. రాత్రి బస్సు తప్పితే తెల్లవారే దాకా బస్టాండే గతి. చిత్తూరు నుంచి పాకాల మీదుగా తిరుపతికి రైలు దారి ఉంది, వేళలు ముందే రాసి పెట్టుకోండి. అక్కడ మాత్రం నేను కూర్చోను, "చివరగా" దాకా కూడా ఆగను. ఆఖరి బస్సుకు గంటన్నర ఉందనగా లేచి బయలుదేరతాను. మిగతా ప్రసంగం స్పీకర్లు పట్టణమంతా ఉంటాయి కాబట్టి నడుస్తూనే వినిపిస్తుంది.